మామకు వినపడని చప్పుడు

పోయిన నెల మా అమ్మాయి కొడుకు తన పాత కారులో పాటలు ఒకవైపే మోగుతున్నాయని నిజామాబాదులో ఒక దుకాణానికి బయలుదేరుతూ నన్ను కూడా వెంటబెట్టుకుపోయాడు. అక్కడి మెకానిక్ సీటు కింది యాంప్లిఫయర్ విప్పి, కొత్తది కలిపి, వెనక కూర్చున్న నన్ను "తాతా, ఎడమ దిక్కు సప్పుడొస్తున్నదా?" అని అడిగాడు. చప్పుడు స్పష్టంగా వస్తోంది, వస్తోందనే తల ఊపాను. యాభై ఏళ్ల కిందట ఇదే మాట నన్ను ఇంకొకాయన అడిగాడు, ఆయనకు నేనిచ్చిన జవాబు ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

పోచంపాడు ఆనకట్ట పనులు సాగుతున్న రోజులవి. మా మేనమామకు నిజామాబాదు స్టేషను రోడ్డులో రేడియో రిపేరు దుకాణం ఉండేది. తన బిడ్డనే నాకిచ్చి చేశాడు కనుక ఆయన నాకు రెండు విధాలా మామే. బోధన్ వైపు చెరుకు బాగా పండుతున్న కాలం కావడంతో కాస్త కలిగినవాళ్లు ఇంట్లో ఒక రేడియో, వీలైతే కారులో ఇంకొకటి పెట్టించుకునేవాళ్లు. అన్నీ వాల్వుల సెట్లే, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మీట తిప్పాక అది వేడెక్కి గొంతు విప్పేదాకా ఇంటిల్లిపాదీ దాని మొహం చూస్తూ కూర్చునేవాళ్లం. అలాంటి సెట్టు ఎంత మొండికేసినా మామ చేతిలో పడితే మాట్లాడి తీరుతుందని పేరు.

అలాంటి మనిషికి నలభై అయిదేళ్లు దాటాక వినికిడి పోతూ పోతూ పూర్తిగానే పోయింది, ఎదుటివాళ్ల మాట పెదవులు చూసి పోల్చుకునేవాడు. రేడియో మెకానిక్కుకు అంతకన్నా దాచుకోవలసిన సంగతి ఇంకేముంటుంది? అది ఆయనకూ, నాకూ, నా భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన సెట్టులో ఎక్కడ స్క్రూడ్రైవరు తాకించినా చప్పుడొస్తోందా అని నన్ను అడిగేవాడు, వస్తే నిలువుగా, రాకపోతే అడ్డంగా తల ఊపేవాణ్ణి. దుకాణానికొచ్చే గిరాకీలేమో అల్లుడికి పని నేర్పుతున్నాడనుకునేవాళ్లు. నా భార్య అన్నం వడ్డిస్తూ, "దేవుడు మా బాపుకు నీ చెవులిచ్చిండు బావా" అనేది. ఆదివారం చర్చిలో మామ నా పక్కనే కూర్చుని, నేను లేచినప్పుడు లేచి, నా పెదవులు చూసి పాట అందుకునేవాడు.

ఇంత నమ్మిన మనిషి మీద నాకు కోపం ఎందుకు పెరిగిందో ఇప్పుడు చెప్పబోతే చిన్నతనంగా ఉంటుంది. ట్రాన్సిస్టర్లు వస్తున్నాయి, దుకాణాన్ని వాటికి తగ్గట్టు మార్చుదామని నేననేవాణ్ణి, ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఒకరోజు నలుగురు గిరాకీల ముందు నవ్వుతూ, "వీనికింకా టంకం పెట్టుడే సక్కగ రాదు, దుకానం మారుస్తడట" అన్నాడు. ఆయనకది మేనల్లుడితో ఆడిన పరాచికం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, ఎనిమిదేళ్లుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాను. ఆ నవ్వు నాలో ఎక్కడో దిగబడిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే కోటగిరి వైపు చెరుకు ఆసామి ఒకాయన తన పాత కారు తెచ్చి దుకాణం ముందు ఆపాడు. రేడియో వెలుగుతోంది, చప్పుడు లేదు. ఆ రకంలో డయలు ఉండే పెట్టె ముందర, యాంప్లిఫయరు ఉండే ఇనుపడబ్బా కాళ్ల దగ్గర, రెంటికీ మధ్య ఒక తీగ ఉండేవి. లోపం ఎక్కడుందో తేల్చడానికి మామ పద్ధతి ఒకటే. డబ్బా మూత విప్పి, లోపల మొదటి వాల్వు దగ్గర స్క్రూడ్రైవరు తాకిస్తే స్పీకరు బరబరమనాలి. అంటే యాంప్లిఫయరు బాగున్నట్టు, జబ్బు దానికి ముందు ఎక్కడో ఉన్నట్టు.

మామ తాకించాడు. స్పీకరు బరబరమంది.

"సప్పుడొస్తున్నదారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన మళ్లీ తాకించాడు, మళ్లీ నా మొహం చూశాడు. నేను మళ్లీ అడ్డంగానే ఊపాను. ఆసామి అప్పుడు ఎదుటి హోటల్లో చాయ్ తాగుతున్నాడు. యాంప్లిఫయరు పోయింది, కొత్తది వెయ్యాలని మామ ఆయనకు చెప్పాడు. అదే రకం దొరకాలంటే హైదరాబాదే దిక్కు, తేవడానికి నన్నే పంపాడు. రైల్లో పోతున్నంతసేపూ, వస్తున్నంతసేపూ నేను నిజం చెప్పేయవచ్చునని నాకు తెలుసు. వచ్చేటప్పుడు కొత్త డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

వారం తర్వాత ఆసామి మరో ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. మామ రెండు గంటలు కారులో వంగి కూర్చుని, ఒక్క టంకం వంకర లేకుండా కొత్త యాంప్లిఫయరు బిగించి, మీట తిప్పి, చొక్కా చేతితో చెమట తుడుచుకుంటూ ఆసామి వైపు చూసి నవ్వాడు. రేడియో మూగగానే ఉంది. వినపడని మనిషికి ఆ సంగతి తెలియదు, కొత్తది వేశాక మోగక ఏమవుతుందన్న ధీమాతో నన్ను అడగనైనా లేదు, పాట వస్తోందనుకుని తలాడిస్తున్నాడు కూడా. స్నేహితులు మొహమొహాలు చూసుకున్నారు. ఆసామి ఆయన చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు. మామ తిరగలేదు.

"అరే, ఈయన చెవిటోడు! చెవులే లేనోడు మా రేడియోను పాడు చేసిండు" అన్నాడు ఆసామి. రోడ్డున పోయేవాళ్లు ఆగారు. ఒకాయన వెనక నుంచి పిలిచాడు, ఇంకొకాయన హారన్ కొట్టి చూశాడు, అందరూ నవ్వారు. అప్పుడు నేను ముందుకు జరిగి, ఎవరికో సాయం చేస్తున్నవాడిలా వంగి, పెట్టెకూ డబ్బాకూ మధ్య, కారు నడిపేవాడి కాలు తగిలి లోపల తెగిపోయిన తీగను కోసి అతికించాను. పాట వచ్చింది. ఆసామి నా భుజం తట్టాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు సంతోషంగానే ఉంది.

మామ మళ్లీ కారులోకి వంగాడు. నేను అతికించిన తీగను చూశాడు. కొత్త యాంప్లిఫయరు విప్పి, పక్కన పడేసిన పాతదాన్ని మళ్లీ కలిపి, రెండు వేళ్లు స్పీకరు కాగితం మీద ఆనించాడు. అది అదురుతోంది. ఆ వేళ్లు అలాగే ఉంచి నా వైపు తిరిగాడు.

"ఆ దినం నువ్వు ఇన్నవ్ గదరా" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైందని ఆయనకు తెలిసింది.

మర్నాటి నుంచి ఆయన దుకాణానికి రాలేదు. చెవిటి మెకానిక్కన్న మాట ఊరంతా పాకింది, వేరే ఎవరూ పనివ్వలేదు. చివరికి బోధన్‌లో చెరుకు బండ్లు ఆగే అడ్డా దగ్గర కాపలాకు కుదిరాడు. ఒకసారి బస్సులోంచి చూశాను. వెనకనుంచి వస్తున్న బండి చప్పుడు వినపడక నిలబడితే బండివాడు ముల్లుగర్రతో పక్కకు నెట్టాడు. నేను దిగలేదు. దుకాణం నాదైంది, ట్రాన్సిస్టర్లు పెట్టాను, బాగా నడిచింది.

పండుగలకు మామ మా ఇంటికి వచ్చేవాడు, మనవలను ఎత్తుకునేవాడు, నేను వడ్డిస్తే తినేవాడు. బిడ్డకు మాత్రం ఆనాటి సంగతి చెప్పలేదు, చెవుల వల్ల తానే పని మానుకున్నానన్నాడు. మొదట్లో ఆమె ఎక్కడ తెలుసుకుంటుందోనని భయపడ్డాను, తర్వాత ఆయన ఎందుకు చెప్పడం లేదో తెలిసి అంతకంటే ఎక్కువ భయపడ్డాను. బిడ్డ కాపురం కోసం ఆయన తన పరువును నా దగ్గర వదిలేసుకున్నాడు. అలాగే పోయాడు. నా భార్య కూడా, తన తండ్రికి చివరిదాకా కొడుకులా తోడున్నానని పదిమందికీ చెప్పుకుంటూనే పోయింది.

ఇప్పుడు స్టేషను రోడ్డులో రేడియో దుకాణాలు లేవు. వినపడనివాళ్లకు చెవిలో ఇమిడే మిషన్లు వచ్చాయి, ఎవరూ సిగ్గుపడి దాచుకోవడం లేదు. కాలం మంచిగానే మారిందనుకుంటాను. కానీ తప్పు చేసినవాడికి ఎదురుగా నిలబడి తిట్టడానికి ఒక మనిషి మిగలాలి. నన్ను తిట్టగల మామా, నా భార్యా ఉన్నన్నాళ్లూ రేపు ఒప్పుకుందాంలే అనుకున్నాను.