ఒక్క చెంచా గంజి

మా ఆవిడకి ఇక వైద్యం లేదని డాక్టర్లు బచేలి గని క్వార్టర్‌కి పంపేశాక, చావుకు దగ్గరైనవాళ్లను చూసుకునే ఒక నర్సు రాసిన పుస్తకం మొత్తం చదివానని అందరికీ చెప్పాను. నిజానికి చదివింది ఒక్క అధ్యాయమే. పోయేవాళ్లకు ఆకలి ఉండదు, బలవంతంగా తినిపించవద్దని అందులో ఉంది.

పక్కింటామె గంజి తెచ్చింది. "కడుపు మాడ్చి పంపేస్తావేటి అన్నయ్యా?"

పుస్తకం చూపించి ఆమెను గుమ్మంలోంచే తరిమేశానని ఇన్నాళ్లూ గొప్పలు చెప్పాను. అబద్ధం. గనిలో పేలుళ్లకు బెదరనివాణ్ణి, ఆ మాటకు బెదిరి గిన్నె అందుకున్నాను.

"ఒక్క చెంచా, నాకోసం," అని మా ఆవిణ్ణి బతిమాలాను.

"మీకోసమైతే మీరే తాగండి," అని నవ్వబోయింది. అయినా నోరు తెరిచింది. మింగలేకపోయింది. గంజి దిండు మీదకు కారింది. తుడిచి, ఇంకో చెంచా ముంచాను. నా మొహం చూసి మళ్లీ నోరు తెరిచింది.