కళ్ళు తెరిచిన ఫొటో

నా మొదటి కెమెరా కెమెరాల షాపులో కొన్నది కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో రిబ్బన్లూ, గాజులూ, కీ ఇస్తే పరిగెత్తే బొమ్మ కార్లూ అమ్మే ఫ్యాన్సీ షాపులో కొన్నది. అద్దాల బీరువాలో ఒక ప్లాస్టిక్ ఈల పక్కన నల్లగా కూర్చుని ఉంది. ఇది నిజంగా ఫొటోలు తీస్తుందా అని అడిగాను. షాపాయన నిజాయితీపరుడు. "తీస్తుందనే అంటారండి" అన్నాడు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ సబ్బుపెట్టెంత బరువుంది. అప్పుడు నేను బెజవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, డెబ్బైల నడిమి సంగతి. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా దానికీ, దాంట్లో వేసే రీళ్ళకీ పోసేశాను. వాయిల్ చీర కొనుక్కోవలసిన వయసులో బొమ్మ కొనుక్కొచ్చానని అమ్మ చాలా ఏళ్ళు దెప్పింది.

బొమ్మే, కాదనను. కానీ నా సరదాకి కొన్నది కాదు. నాన్నమ్మ కోసం కొన్నాను.

మాది గుడివాడ అవతల కాలవగట్టు మీద చిన్న ఊరు. మా క్రైస్తవ కుటుంబాల్లో ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్ని పిలిచేది రెండుసార్లే, పెళ్ళికీ చావుకీ. మనిషి పోతే పెట్టెలో పడుకోబెట్టి, తలవైపు కాస్త ఎత్తు పెట్టి, చుట్టూ బంధువులందరూ నిలబడి ఫొటో దిగాల్సిందే. మా ఇంట్లో తాతయ్య ఫొటో అదొక్కటే. ముక్కులో దూది, చుట్టూ మేము. బతికుండగా ఆయన మీద ఒక్క ఫిల్మ్ ముక్క ఖర్చు పెట్టాలని ఎవరికీ తోచలేదు. నాన్నమ్మ పెళ్ళినాటికి మా వైపు ఫొటోలన్నవే లేవు కనక ఆవిడకి మిగిలింది రెండో సందర్భమే.

ఈ సంగతి ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు. కంట్లో శుక్లం ముదిరి, పక్క ఊరి మిషనాసుపత్రిలో ఆపరేషన్‌కి రోజు ఖాయమయ్యేసరికి మాత్రం గుర్తొచ్చింది. ఒక శనివారం నేను ఇంటికి రాగానే మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ తాత కళ్ళు మూసుకుని గోడెక్కాడు. నేనట్టా ఎక్కను. కంటికి కత్తి పెట్టకముందే, కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఒకటి తియ్యవే. ఆ బల్ల మీంచి లేస్తానో లేవనో" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ భయం నిజమైనదని అప్పుడు తెలిసి నాకు సిగ్గేసింది.

గుడివాడ నుంచి ఫొటోగ్రాఫర్ని పిలిపిద్దామంటే నాన్న వద్దన్నారు. ఆ ఫొటోగ్రాఫర్ సైకిలు మా వీధి మలుపు తిరిగిందంటే చాలు, ఎవరు పోయారంటూ ఊరు ఊరంతా దిగుతుంది. బస్సెక్కించి స్టూడియోకి తీసుకెళదామంటే నాన్నమ్మకి బస్సు పడదు, మొదటి స్టాపులోనే వాంతులు. ఇక మిగిలింది నేనూ, వన్‌టౌన్ ఫ్యాన్సీ షాపూ.

కెమెరాతో ఇచ్చిన కాగితం మీద ఏ భాష ఉందో కూడా మాకు అంతుపట్టలేదు. ఉన్న ఆధారమల్లా బొమ్మలే. ఒక చోట సూర్యుడూ మబ్బూ, లెన్సు చుట్టూ ఒక మనిషి, ముగ్గురు మనుషులు, ఒక కొండ. మా ఊళ్ళోనే బడిపంతులైన నాన్న దాన్ని ఓ పూటంతా అటూ ఇటూ తిప్పి చూసి, కొండ గుర్తుతో మనకి పనిలేదని తేల్చారు. మా ఊళ్ళో నాలుగు వైపులా వరిచేలు తప్ప ఏమీ కనపడవు. కొండ కావాలంటే మంగళగిరి పోవాలి. అది దూరంగా ఉన్నవాటికి పెట్టిన గుర్తని ఇంటిల్లిపాదికీ తట్టలేదు. ముగ్గురు మనుషుల గుర్తు పెడితే నాలుగోవాళ్ళు ఫొటోలో పడరేమోనని, మాతోనే ఉండే మా మేనత్త ఆ మధ్యాహ్నమంతా దిగులుపడింది.

మొదటి రీలు గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు ఫొటోలూ తీసి, వెనకున్న ఎర్ర కిటికీలో ఒక్కో నంబరూ జాగ్రత్తగా చూసుకుంటూ తిప్పి, గవర్నర్‌పేటలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళి ఇచ్చాను. స్టూడియో పెద్దాయన రెండు రోజుల తర్వాత నన్ను లోపలికి పిలిచి, పదిమందిలో చెప్పకూడని జబ్బేదో చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"అమ్మా, లెన్సుకి మూత ఉంటుందండి. అది తీసి తియ్యాలి."

మనం చూసే కంత వేరనీ, ఫొటో పడే కంత వేరనీ అలా తెలిసింది. నాన్నమ్మకి మాత్రం రీలు మంచిది కాదని చెప్పాను.

రెండో రీలు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తీశాను. నాన్నమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేయించుకుంది. ఒక్కదాన్నే కూర్చోనని నాన్ననీ అమ్మనీ అత్తనీ వెనక నిలబెట్టింది. నేను ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి, అందరూ కదలకుండా నిశ్శబ్దంగా ఉండమన్నాను. మూడు లెక్కపెట్టి నొక్కాను. పన్నెండుసార్లూ అంతే చేశాను. ఆ కంతలోంచి మనుషులు అగ్గిపుల్లలంత కనపడతారు, మొహాలెలా ఉన్నాయో తెలిసే దారి లేదు.

ఈసారి స్టూడియో పెద్దాయన మొహం వెలిగిపోతోంది. మూత తీశానన్న సంతోషం కాబోలు. ప్రార్థన ఫొటోలు చాలా భక్తిగా వచ్చాయని మెచ్చుకున్నాడు. ప్రార్థనేమిటని చూద్దును కదా, నలుగురూ కళ్ళు మూసుకుని ఉన్నారు. పన్నెండింట్లోనూ మూసుకునే ఉన్నారు. నాన్నయితే చేతులు కూడా జోడించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో గుడివాడ దాకా పళ్ళు నూరుకుంటూనే వెళ్ళాను.

ఇంట్లో అడిగితే మేం మూసుకోలేదంటే మేం మూసుకోలేదన్నారు. ఫొటోలు ముందు పరిచాక నాన్నమ్మ ఒక్కతే ఒప్పుకుంది, అదీ నా మీదే తప్పు పెట్టి.

"నిశ్శబ్దంగా ఉండండని చెయ్యెత్తితే కళ్ళు మూసుకోక ఏం చేస్తారే? డెబ్బై ఏళ్ళ అలవాటు."

ఆలోచిస్తే అదీ నిజమే. మా ఇళ్ళల్లో ఎవరైనా లేచి నిలబడి చెయ్యెత్తారంటే అది ప్రార్థనకే. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ నిశ్శబ్దం వినగానే రెప్పలు వాటంతటవే దిగిపోతాయి. అంతెందుకు, నేను కూడా కళ్ళు మూసుకునే మీట నొక్కుతున్నానని ఆ రాకలోనే అద్దం ముందు నిలబడి పట్టుకున్నాను. సగం ఫొటోల్లో నాన్న నడినెత్తి ఎందుకు తెగిపోయిందో అప్పుడు అర్థమైంది.

ఆపరేషన్ సోమవారం. మూడో రీలు శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. ఈసారి చెయ్యెత్తలేదు, లెక్కపెట్టలేదు, అందర్నీ మాట్లాడుతూ ఉండమన్నాను. మాట్లాడమంటే మా అత్త ఆగదు, చేతులు తిప్పకుండా మాట్లాడదు, ఆ చేతులు నాన్నమ్మ మొహానికి అడ్డం. నాన్నమ్మ పంతం పట్టి కళ్ళు విప్పార్చి చూస్తే ఎండకి నీళ్ళు కారి, సరిగ్గా నొక్కే వేళకి రెప్ప పడేది. చూస్తుండగానే ఎర్ర కిటికీలో పన్నెండో నంబరు వచ్చింది. పడమట మబ్బు లేస్తోంది. మా కెమెరాలో మబ్బు గుర్తు పేరుకే ఉంది. నాకు ఏడుపొచ్చేట్టుంది.

అప్పుడు తట్టింది. ప్రార్థన ఎప్పుడు మొదలైనా కళ్ళు మూసుకుంటారు సరే, అయ్యాక తెరుస్తారు కదా. ప్రార్థన చెయ్యండని నాన్నని అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. ఫొటో కోసం దేవుణ్ణి పిలవడానికి ఇదేమన్నా నాటకమా అన్నారు. ఆయనకి జవాబు నాన్నమ్మ చెప్పింది.

"ఫొటో కోసం కాదురా, నా కంటి కోసం చెయ్యి. దాని పని అది చేసుకుంటది."

నాన్న ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన క్లుప్తంగా ముగియడం మేమెవరం ఎరగం. కాలవకి నీళ్ళు రావాలన్నారు, పంటకి దోమ పట్టకూడదన్నారు, దేశాన్ని ఏలేవాళ్ళకి జ్ఞానం ఇమ్మన్నారు. మబ్బు కొబ్బరిచెట్ల దాకా వచ్చేసింది. ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తెరిచి ఉండటం నా జన్మలో అదే మొదటిసారి. అమ్మ కాలి బొటనవేలితో నేల మీద ముగ్గులాంటిదేదో గీస్తోంది. అత్త కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఇదా మీ భక్తి అనుకుని నవ్వాపుకున్నాను.

అంతలో నాన్న గొంతు మారింది. మా అమ్మని మాకు వెనక్కి ఇవ్వు ప్రభువా అన్నారు. డాక్టరమ్మ చెయ్యి వణకనివ్వొద్దన్నారు. ఆయన తన తల్లిని అమ్మా అని ముద్దుగా పిలవగా నేను వినలేదు. నాకు కంతలో ఏమీ కనపడలేదు, కళ్ళనిండా నీళ్ళు. ఆమెన్ అని వినపడగానే నొక్కేశాను.

ఆ ఫొటో వచ్చింది. కాస్త వంకరగా, అంచుల్లో నల్లగా, కానీ నాన్నమ్మ రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి నేరుగా చూస్తోంది. ఆదివారం సాయంత్రమే స్టూడియో పెద్దాయన్ని బతిమాలి కడిగించి, సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి పరిగెత్తాను. శుక్లాల వల్ల ఆవిడకి అందులో బూడిద రంగు తప్ప ఏమీ కనపడలేదు. తెరిచే ఉన్నానా అని రెండుసార్లు అడిగింది. తెరిచే ఉన్నావన్నాను. దాన్ని బైబిల్లో పెట్టించి లోపలికి వెళ్ళింది.

బల్ల మీంచి లేచింది. నలభై రోజులకి సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. నేను ఊరికి వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని, ఊళ్ళో ఎవరెవరు ముసలివాళ్ళయ్యారో లెక్క తీస్తోంది. నన్ను చూడగానే బైబిల్లోంచి ఫొటో తీసి వెలుతురులో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"మా అమ్మకి ఫొటో ఎవరు తీశారే?" అంది.

నేను తెల్లబోయాను. ఆరేళ్ళుగా ఆవిడ తన మొహం చూసుకోలేదు. అద్దంలో కూడా పొగ తప్ప ఏమీ కనపడేది కాదని మాకెవరికీ తట్టనే లేదు. అది నువ్వే నాన్నమ్మా అన్నాను. చీర చూసింది, వెనక నిలబడ్డ నాన్ననీ అమ్మనీ అత్తనీ చూసింది, మళ్ళీ మొహం చూసింది. వేలితో ఆ బుగ్గ మీద మెల్లగా రాసింది.

"మా అమ్మ ఇట్టాగే ఉండేది. దీన్ని ఆవిడ ఫొటో కింద ఉంచుకుంటాను. నాకింకోటి తియ్యి, ఈ అద్దాలతో" అని లేచి, కుర్చీ ఎండలోకి లాక్కుని కూర్చుంది.

నేను లోపలికెళ్ళి కెమెరా తెచ్చాను. నాన్నమ్మ చీర సర్దుకుని, అద్దాల వెనక అంతలేసి కళ్ళతో, రెప్ప కూడా వెయ్యకుండా నన్నే చూస్తోంది. లోపల రీలు లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మూత తీసి, నొక్కి, మర్నాడు మొదటి బస్సుకి రీలు కొనడానికి బెజవాడ వెళ్ళాను.