బొజ్జయ్య వాసన చూస్తేనే

నా టీ కొట్టు పక్కనే కన్నమ్మ బొంగు చికెన్ కొట్టు. భద్రాచలం పోయే కార్లు నా చాయ్ కోసం ఆగినట్టే ఉంటాయి గానీ, ఆగేది ఆమె కోసమే. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

అయినా ఆమె శుభ్రతకు వంక పెట్టలేం. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించిన కోడి ముక్కలు మూత డబ్బాలో, ఫ్రిజ్‌లోనే ఉండాలి. పొయ్యి రాజుకున్నాకే పచ్చి వెదురు బొంగుల్లో కూరాలి. నిన్న మసాలా పట్టించినవి మిగిలితే డబ్బా తీసి భర్త బొజ్జయ్యకు ఇచ్చేది. ఆయన వాసన చూసి తలూపితేనే పొయ్యి మీదికి, లేదంటే గోతిలోకి. అన్నీ తానే చేసుకునే మనిషి ఆ ఒక్క పని మొగుడికెందుకు వదిలిందని ఆటపట్టించేవాళ్లం.

"ఆయనకు గూడ ఏదన్న పనుండాలె గదా" అని నవ్వేది.

ఈ ఎండాకాలంలో బొజ్జయ్య గుండె ఆగి పోయాడు. అంత మంచి మనిషి అంత తొందరగా పోతాడని ఎవరం అనుకోలేదు.

దినం నాడు ఆయనకు ఇష్టమైన బొంగు చికెన్ ముందు ఆయన పేరున పెట్టి, తర్వాత చుట్టాలు తినాలి. ముందురోజే కన్నమ్మ ముక్కలకు మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టింది. సాయం చేద్దామని మరిది జంపయ్య ఆ సాయంత్రమే వాటిని బొంగుల్లో కూరి, మూతికి ఆకులు కుక్కి, గోడకు నిలబెట్టాడు. పచ్చి బొంగు చల్లగా ఉంటుంది, మసాలా పట్టినది పాడవదు అని ఆయన ధీమా. తెల్లారి అది చూసి కన్నమ్మ నెత్తి కొట్టుకుంది.

ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపింది. కడిగినా జిగురు వదల్లేదు. కూతురు ప్రమీలకు అందించింది.

"జర వాసన చూడే."

ప్రమీలకు ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసింది. "నాకేం తెలుస్తలేదమ్మా. నువ్వే చూడు."

"నాకు వాసన రాదు బిడ్డా. కరోనా జ్వరం వచ్చినకాడికెల్లి రాదు."

అందరం నోరెళ్లబెట్టాం. బేరం పోతుందని మొగుడూ పెళ్లాం ఇన్నేళ్లూ ఆ సంగతి పైకి పొక్కనివ్వలేదు. నేనే వంగి చూశాను. నిమ్మకాయ పులుపు కింద నుంచి కుళ్లు కంపు గుప్పుమంది.

"మంట మీద పెడ్తే అంతా పోతది వదినె. కోడి లేకుండ అన్నకు ఎట్ల పెడ్తం?" అన్నాడు జంపయ్య.

"కాలిస్తే మంచిగైతదా? గిది ముందట పెడ్తే మీ అన్న లేచొచ్చి తిడ్తడు."

బొంగులన్నీ కన్నమ్మే గోతిలో వేసి మట్టి కప్పింది. బొజ్జయ్య పేరున ఉత్త పప్పన్నమే పెట్టారు. చుట్టాలు గొణుక్కుంటూ తిని వెళ్లారు. ఇక కొట్టు మూసేస్తానంది కన్నమ్మ.

"కొట్టు మూయకే. రోజూ నేను వాసన చూసి పెడ్త" అన్నాను.

కన్నమ్మ లోపలికి వెళ్లి బొజ్జయ్య అంగీ తెచ్చింది. ఇంకా ఉతకలేదు.

"నా బిడ్డ దీన్ని మొకానికి పెట్టుకొని ఏడుస్తది. నాయన వాసనొస్తదట." అంగీ నా చేతుల్లో పెట్టింది. "గిది నువ్వు చూసి నాకెట్ల చెప్తవక్కా?"