టైగర్ నోట్ల నురగ

2022. మరిపెడల నా చిన్న పశువుల క్లినిక్ పెట్టి ఏడాదైంది. వచ్చేటియి అన్నీ బర్లు, మేకలే. కుక్క నోట్ల పండ్లు చూపిద్దామని వచ్చిన మొదటి మనిషి పక్కూరి ఎల్లవ్వ. ఆమె కుక్క టైగర్ నోరు తెరిస్తే రూమంత కంపే.

"వీని వాసనకు మా కోడలు పరేషాన్ అయితాంది బిడ్డా. ఎక్కడన్న ఇడిసిపెట్టి రమ్మంటాంది. వీడు లేకపోతే నాకు బువ్వ దిగదు" అన్నది అవ్వ.

మత్తిచ్చి స్కేలింగ్ చేసిన. అంటే పండ్లకు పట్టి గట్టిపడ్డ పాచిని మిషన్‌తోని తీసుడు. ఇగ రోజూ ఇంట్ల తోమాలె. "మనుషుల పేస్టు వద్దు, కుక్కల పేస్టే" అని చీటీ రాసి, బ్రష్షిచ్చి పంపిన. బయట మూడు బర్లు నిలబడ్డయి, నా తొందర నాది.

నాలుగోనాడు పొద్దుగాల అవ్వ ఏడ్సుకుంట ఫోన్ చేసింది. "జల్ది రా బిడ్డా! టైగర్‌కు పిచ్చి లేసిందని కట్టెలు పట్టుకొని వచ్చిండ్రు. సంపుతరట!"

పిచ్చికుక్క టీకా నేనే ఏసిన, పిచ్చెట్ల లేస్తది? బండేసుకొని ఉరికిన. వాకిట్ల పదిమంది, చేతులల్ల కట్టెలు. అవ్వ కుక్కకు అడ్డం నిలబడ్డది. టైగర్ నోటి నిండ తెల్ల నురగ, తోక మాత్రం నన్ను చూసి ఊపుతాండు. దగ్గరికి పోతే గుమ్మున పుదీన వాసన!

"అవ్వా, ఏం పెట్టి తోమినవ్?"

"మేం తోముకునేదే బిడ్డా. వాసన పోవాలని ఇంత మందం పెట్టిన."

"ఓ అన్నా, పిచ్చి కాదు, పేస్టు!" అని నేను అరిస్తే కట్టెలు పట్టుకున్నోళ్ళే పడిపడి నవ్విండ్రు. టైగర్ నోరు కడిగిన. మనుషుల పేస్టు కడుపుల పడితే కుక్కలకు చెడ్డది. మా అదృష్టం, ఎక్కువ మింగలే.

భయం పోయినంక నాకు కోపమొచ్చింది. "వద్దని చీటీ రాసిచ్చిన గదా అవ్వా!"

అవ్వ కొంగు ముడి విప్పి చీటీ తీసింది. పెట్టిన మడత పెట్టినట్టే ఉన్నది. "నాకు సదువెక్కడిది బిడ్డా? కోడల్ని అడుగుదామంటే, కుక్క పేరెత్తితేనే గయ్యిమంటది."

నాకు సిగ్గయింది. వాకిట్లనే కూసోని, వేలికి మెత్తటి బట్ట చుట్టి, ఉప్పెయ్యకుంట మటన్ బొక్కలు ఉడకబెట్టిన నీళ్ళల్ల ముంచి, చిగుళ్ళెంబడి ఎట్ల రుద్దాల్నో చూపెట్టిన. అవ్వతోని గూడ చేపిచ్చిన. కోడలు తలుపు కాడ నిలబడి చూసుకుంట ఉన్నది.

గా దినం సంది ఎవరినైనా నా ముందట ఒకసారి తోమినంకనే ఇంటికి పంపుతున్న. చీటీ తర్వాతి మాట.

మొన్న ఎల్లవ్వ ఫోన్ చేసింది. "ఇప్పుడు కోడలే తోముతాంది బిడ్డా. నన్ను ముట్టనిస్తలేదు. నీకు తోముడు రాదంటాంది!"