డేవిడ్‌ను నిద్ర లేపిన అలారం

మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కానీ పిల్ల తోడు, ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు.

అమెరికాలోని మోరిస్‌విల్‌లో పాత అపార్ట్‌మెంట్. మాది రెండో అంతస్తు. ఎదురింట్లో డేవిడ్. సైన్యంలో ఉద్యోగం, శని ఆదివారాలు ఇంటికి వస్తాడు.

ఆ శనివారం అర్ధరాత్రి... దబ్, దబ్, దబ్! తలుపు విరిగేలా బాదుతున్నారు. లేచాను. గొంతులో మంట... పొగ!

"ఫైర్! అందరూ బయటికి రండి!" డేవిడ్ అరుస్తున్నాడు.

తలుపు తీశాను. కింది ఇంటి మంటలు మా బాల్కనీకి అంటుకున్నాయి. నా భార్య సునీత దగ్గుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, చిన్నీ ఏదీ? మీరు ఎత్తుకోలేదా?"

"నీ దగ్గర పడుకుందనుకున్నా!"

చిన్నీ మా ఆరేళ్ల కూతురు. లోపలి గదిలో ఉండిపోయింది. వెనక్కి పరుగెత్తాను. నాలుగడుగులు... కళ్లు కనబడలేదు. డేవిడ్ నా చొక్కా పట్టి బయటికి లాగేశాడు. ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని, నేల మీద పాకుతూ తనే లోపలికి వెళ్లాడు.

గాజు పగిలిన చప్పుడు. తర్వాత... ఏమీ లేదు. సునీత గోళ్లు నా చేతిలో దిగుతున్నాయి.

వచ్చాడు! ఛాతీకి అదుముకుని చిన్నీ!

"డాడీ, ఈ అంకుల్ ఫ్లోర్ మీద క్రాల్ చేశాడు!"

అంతటితో ఆగలేదు. పై అంతస్తుకెళ్లి ముసలి దంపతులను ఒకరి తర్వాత ఒకరిని మోసుకొచ్చాడు.

ఫైరింజన్లు వచ్చాక, పార్కింగ్‌లో అతని చేతులు పట్టుకున్నాను.

"నాకెందుకు థాంక్స్? మీ అలారానికి చెప్పు," అన్నాడు. "అదే నన్ను లేపింది."

"ఏ... అలారం?"

"మీ వంటింట్లో పొగ వస్తే కూసేది. మూడు కూతలు... కాస్త ఆగి, మళ్లీ మూడు. నువ్వు పోపు వేసిన ప్రతిసారీ నా నిద్ర చెడగొట్టేది అదేగా!"

సునీత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఎండుమిర్చి నూనెలో పడితే చాలు, కూసి చంపుతోందని... రెండు నెలల కిందటే దాని బ్యాటరీ తీసేశాను. నా చేత్తోనే.

మర్నాడు ఫైర్ ఆఫీసర్ దాన్ని తెచ్చి చూపించాడు. సగం కరిగింది. వెనక మూత లేదు. బ్యాటరీ ఉండాల్సిన చోటు... ఖాళీ.

"వేరే ఇంటిదేమో, డేవిడ్?" పక్కనే ఉన్న అతన్ని అడిగాను.

"చీకట్లో ఏ శబ్దం ఎటు నుంచి వస్తుందో పోల్చుకోవడమే నా ఉద్యోగం," అన్నాడు. నవ్వలేదు.

అతను విన్నదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. విన్నాడు... అంతే. చిన్నీ పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటోంది.