సూది కనబడేవాడికి మనిషి కనబడలేదు

పడవను ఇసుక మీదికి లాగగానే ఎల్లాజీ లంగరు ఎత్తి ఎడమ అంచు మీద వేశాడు. ఆ అంచు పట్టుకుని నిలబడ్డ సూరయ్య రెండు వేళ్లు నుజ్జయిపోయాయి. అరుపు ఆగకముందే సూరయ్య తమ్ముడు వచ్చి ఎల్లాజీని జుట్టు పట్టి పడదోసి, డొక్కలో తన్నాడు.

"అగుపడనేదురా! నిజింగా అగుపడనేదు!"

"అయితే పొద్దున్న వల సూదిలో దారం మీ అమ్మమ్మొచ్చి ఎక్కించిందేటి?" అన్నాడు పడవ యజమాని సోములు. ఎల్లాజీ భార్య అమ్మడుకు అన్న. ఎల్లాజీకి సముద్రం నేర్పినవాడు.

చిక్కంతా అక్కడే ఉంది. ఎదురుగా ఉంటే సూది బెజ్జం కూడా కనబడుతుంది. పక్కనున్న మనిషి కనబడడు. గొట్టంలోంచి చూసినట్టే. తూలితే తాగేశాడన్నారు. చీకట్లో తడుముకుంటే రేచీకటన్నారు. కార్జం తింటే రేచీకటి పోతుందని అమ్మడు నెలల తరబడి మేక కార్జం వండిపెట్టింది.

కిందటి నెల ఎల్లాజీ, పక్కింట్లో ఉండే చదువుకున్నవాణ్ని గనక, ఆసుపత్రి చీటీలు చదవడానికి నన్ను తోడు తీసుకుని శ్రీకాకుళం వెళ్లాడు. వంశంలో వచ్చిన లోపమనీ, కంటి వెనక పొరలో కణాలు అంచుల నుంచి చచ్చిపోతున్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. మందు లేదా అని అడిగాను. నరాలను పెంచే ప్రోటీను ఒకటుందట. తల్లి కడుపులో కన్ను తయారయ్యేటప్పుడు అది కణాలను నిలబెడుతుందట. దాని ముడి రూపమే అక్కరలేని వాటిని చంపుతుందట. దానితో ఇలాంటి కళ్లను కాపాడవచ్చేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి, వైద్యం మాత్రం ఇంకా చేతికి రాలేదు.

"పెంచిందే సంపుతాదా అమ్మా?" అన్నాడు ఎల్లాజీ. తిరిగొచ్చే దారిలో నా చెయ్యి పట్టుకుని, "పడవోళ్లకి సెప్పకు బాబూ, ఎక్కనివ్వరు" అన్నాడు.

దాచమన్న ఆ మాటే ఇప్పుడు ఇసుకలో పడి, నోట్లో రక్తంతో, తనంతట తానే చెప్పేశాడు. నిజమేనని నేనన్నా ఎవరూ నమ్మలేదు.

"లెగు. సముద్రం కేసి సూడు, బుర్ర తిప్పకు" అన్నాడు సోములు. తెడ్డు అందుకుని ఎల్లాజీ కుడిపక్క నిలబడ్డాడు. చూపున్నవాడెవడైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. సోములు తెడ్డు మెల్లగానే ఎత్తాడు, అందరూ చూసేలా. ఎల్లాజీ రెప్ప కదల్లేదు. తెడ్డు చెవి మీద పడింది. చర్మం చీరుకుపోయింది.

"ఆపండ్రా!" సూరయ్య తువ్వాలు చుట్టిన చేత్తోనే అడ్డం వచ్చాడు. "ఆడికి అగుపడనేదు. నిజిం సెప్పినాడు."

తమ్ముడు వెనక్కి తగ్గాడు. సోములు తెడ్డు పడేసి, ఎల్లాజీ ఎదురుగా వచ్చి భుజాలు పట్టుకున్నాడు.

"తప్పయిపోనాదిరా. ఇంక నువ్వు పడవెక్కొద్దు. ఒడ్డునే ఉండి వలలు బాగుసేసుకో."

అబద్ధమాడాడనుకుంటే నాలుగు తన్ని మర్నాడు ఎక్కించుకునేవారు. అంతసేపూ ఒక్క దెబ్బకూ తిరగబడని ఎల్లాజీ, తనకు తేటగా కనబడుతున్న ఆ ఒక్క ముఖాన్ని పిడికిలి బిగించి గుద్దాడు. సోములు పడిపోయాక కూడా మీద కూర్చుని గుద్దుతూనే ఉన్నాడు.