వాన చెక్కిన నాన్న

మా నాన్న బొగ్గుబావిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రిటైరయ్యాక ఆయాసం పట్టుకుంది. పది అడుగులు వేస్తే కూర్చోవాలి. చేతులకు మాత్రం ఏ లోపమూ రాలేదు.

నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఒక ఎండాకాలం హైదరాబాదులో జపాను చెక్క అచ్చుల బొమ్మలు నేర్పుతున్నారంటే వెళ్లి పది రోజులు నేర్చుకున్నాను. వచ్చాక, నది మీద వాన కురుస్తున్న పాత బొమ్మ ఒకటి నాన్నకు ఫోన్‌లో చూపించాను. గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, రంగు పూసి కాగితం మీద అచ్చు తీసేది ఇంకొకరని, ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలని చెప్పాను.

"చెక్కినోని పేరు ఏడ ఉన్నది?" అన్నాడు.

"చాలావాటి మీద ఉండదు నాన్నా."

బొమ్మను ఇంకోసారి దగ్గరగా చూసి ఫోన్ తిరిగిచ్చాడు. తర్వాత, "నువ్వు గియ్యి. నేను చెక్కుత" అన్నాడు.

భద్రాచలం దగ్గరి గోదావరి, వాన, ఒడ్డున కట్టేసిన పడవ గీసిచ్చాను. గుమ్మడిటేకు చెక్క తనే తెప్పించుకున్నాడు. వాన గీత వెంట్రుకంత సన్నగా నిలవాలంటే దానికి అటూ ఇటూ ఉన్న చెక్కంతా తొలిచెయ్యాలి. రోజుకు నాలుగైదు గీతలు. నడుమ నడుమ ఉలి పక్కన పెట్టి ఊపిరి తీసుకునేవాడు.

"గా బొగ్గు దుమ్ము చాలలేదా, మళ్ల గీ దుమ్మా?" అని అమ్మ కసిరేది.

నల్ల గీతల పలక పూర్తయిన రోజు, "ఒకటి అచ్చు తీసి సూపియ్యరాదు బిడ్డా" అన్నాడు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. రంగుల పలకలు కూడా అయ్యాక ఒకేసారి చూద్దామన్నాను.

"అవ్, గట్లనే కానీ."

నీలం పలక సగంలో ఉండగా దవాఖానాలో చేర్చాం. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి అడిగాడు: "వాన మంచిగ వడ్డదా?"

అచ్చు ఇంకా తియ్యనే లేదు. పడ్డదని అబద్ధం చెప్పాను. నాలుగో రోజు పోయాడు.

నెల దాటాక నల్ల పలకకు సిరా పూసి, కాగితం పరిచి, రుద్ది ఎత్తాను. ఒక్క గీత కూడా తెగలేదు. నీలం పలక నేను పూర్తి చేద్దామని కూర్చుంటే మొదటి గీతకే చెక్క చీలింది. మళ్లీ ముట్టలేదు.

అమ్మ తనకొకటి కావాలంది. ఫ్రేము కట్టిస్తానన్నాను.

"వద్దు. గోడకు పెడితె రోజూ సూడాలె" అని, తీసుకెళ్లి బీరువాలో చీరల కింద పెట్టుకుంది.